తలుపు దగ్గర నిలబడే మనిషి

వార్డులో అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. ఆమె చదివింది ఆక్యుపేషనల్ థెరపీ. ఆ మాటకు నోరు తిరగక రోగులు, దాని అర్థం తెలియక బంధువులు తలా ఒక పేరు పెట్టి, చివరికి టీచరమ్మ దగ్గర ఆగారు. "మీ ఆవిడ ఏం పాఠాలు చెబుతుంది?" అని ఎవరైనా అడిగితే, మెకానిక్కుగా చేసి రిటైరైన ఆమె భర్త, "పెద్దవాళ్లకి గుండీలు పెట్టుకోవడం నేర్పుతుంది. నాకు మాత్రం ఇంకా రాలేదు" అనేవాడు.

నవ్వులాటకే అన్నా అందులో అబద్ధం లేదు. మనసు చెదిరి ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయినవాళ్లు స్నానం, వంట, బట్టలుతుక్కోవడం అన్నీ మరిచిపోతారు. అన్నీ ఒకరు చేసిపెడుతుంటే ఎవరైనా మరిచిపోతారు, దానికి పిచ్చే పట్టనక్కర్లేదు. ఆ పనుల్ని మళ్లీ వాళ్ల చేతికి అలవాటు చేయడం ఆమె ఉద్యోగం. మొదట చేయి పట్టుకుని చేయిస్తుంది. తర్వాత చేయి వదిలి మాటతో చెబుతుంది. ఆ తర్వాత మాట కూడా మానేసి చూపుతో సరిపెడుతుంది. చివరికి తలుపు దగ్గరకు వెళ్లి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. గిన్నెలో పాలు పొంగుతున్నా ఆ చేతులు ముందుకు రావు. అలా ఊరుకోవడం ఎంత కష్టమో తల్లులకు తెలుస్తుంది.

వార్డు చివర చిన్న వంటగది ఆమె రాజ్యం. ఒక పొయ్యి, రెండు గిన్నెలు, అరల మీద పెద్ద అక్షరాలతో అతికించిన చీటీలు, ఎవరో వేడి గిన్నె దించితే నల్లగా కాలిన బల్ల. కత్తులుండే సొరుగు తాళంచెవి ఆమె మెడలోనే ఉంటుంది.

ఆ వంటగదిలో ఇప్పటి విద్యార్థి ఒక ముసలి బస్సు కండక్టరు. భార్య పోయాక ఒకరోజు బస్సును నడిరోడ్డు మీద ఆపించి, ప్రయాణికులందర్నీ దింపేసి, దిగినవాళ్లలో ఆమె కోసం వెతికాడట. అప్పట్నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాడు. మనిషి మంచివాడు. నీళ్లు మరగ్గానే "రైట్ రైట్" అంటాడు. పొయ్యి కట్టేశాక "హోల్డాన్" అంటాడు. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి నవ్వాపుకుంటుంది.

ఆసుపత్రి తరఫున, బాగుపడినవాళ్లు నలుగురు కలిసి ఉండే ఒక చిన్న ఇంట్లో ఆయన కోసం ఒక గది అట్టేపెట్టారు. కాపలా ఉండదు, గేటుకు తాళం ఉండదు. ఒక్కటే షరతు: తన టీ తాను పెట్టుకుని పొయ్యి కట్టేయగలడని టీచరమ్మ రాసివ్వాలి. ఆమె రేపో మాపో రాసిచ్చేదే.

ఈలోగా, థెరపిస్టుల పేర్లు పట్టికలో నమోదు చేసే కౌన్సిల్ నుంచి కబురొచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లలో కొందరి పేర్లు చీటీలు తీసినట్టు తీసి తనిఖీ చేస్తారు. గత రెండేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నావు, దానివల్ల నీ పని ఎలా మారింది, ఏ రోగికి ఏం మేలు జరిగింది, అన్నీ రాసి పై అధికారి సంతకంతో పంపాలి. పంపకపోయినా, పంపింది నచ్చకపోయినా పట్టికలోంచి పేరు కొట్టేస్తారు. పేరు పోతే ఉద్యోగం పోతుంది. ఆమె పోతే ఆ వంటగదికి మరో దిక్కు లేదు.

"పుట్టి బుద్ధెరిగాక నీకు తగిలిన మొదటి లాటరీ" అన్నాడు భర్త.

చూపించడానికి ఆమె దగ్గరున్నవి రెండే సర్టిఫికెట్లు. ఒకటి మంటలార్పే శిక్షణది, రెండోది కంప్యూటర్లో చూస్తూ నిద్రపోయిన ఉపన్యాసానిది. వార్డు మొత్తానికి తానొక్కతే అయినప్పుడు ఆమె ఏ క్లాసుకు వెళుతుంది? నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంట్లో బల్ల ముందు కూర్చుని కండక్టరు గురించి రాసింది. సాయం ఎలా తగ్గించుకుంటూ వచ్చిందో, ఆయన ఇప్పుడు ఎలా ఒంటరిగా టీ పెట్టుకుంటున్నాడో రాసింది. బాగానే వచ్చింది. భర్త చదివి, "నాకే టీ తాగాలనిపిస్తోంది" అన్నాడు.

రోగి గురించి రాసింది రోగికి చదివి వినిపించి ఒప్పించుకోవాలని నియమం. కాగితాలు పట్టుకుని వార్డుకు వెళ్లింది. వంటగది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద తాను పెట్టి వెళ్లిన టీ పొడి డబ్బా పెట్టినచోటే ఉంది.

"మీరు వెళ్లాక ఆయన ఈ గడప తొక్కితే ఒట్టు" అంది ఆయా. "రోజూ టీ వేళకి వచ్చి, తలుపు వంక చూసి వెళ్లిపోతున్నాడమ్మా."

కండక్టరు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు పెట్టుకోలేదండీ?" అని అడిగింది.

"మీరు రాలేదుగా."

"నేనొచ్చి ఏం చేస్తాను? పెట్టేది మీరేగా."

"మీరు నిలబడితే పెడతాను" అన్నాడు ఆయన, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "డ్రైవర్ లేని బస్సుకి రైట్ కొడతామా టీచరమ్మా?"

మాట తీసేసింది, చూపు తీసేసింది, చేతులు వెనక్కి కట్టుకుంది. అన్ని సాయాలూ తీసేశాననుకుని అన్నిటికంటే పెద్ద సాయాన్ని తలుపు దగ్గర నిలబెట్టింది. అది తానే. ఇంతకాలం తన్ను తాను లెక్కలో వేసుకోలేదు. ఆమెకు సిగ్గేసింది.

రాత్రి భోజనాల దగ్గర భర్త, "రాసిందే పంపెయ్. ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు.

"ఆ ఇంట్లో తలుపు దగ్గర ఎవరుంటారు?" అంది. ఆయన ఆమె కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాడు.

మొదటిది చింపేసి మళ్లీ రాసింది. నేను నేర్చుకున్నది ఇదీ, నా పొరపాటు ఇదీ అని రాసింది. ఇకమీదట తాను వరండాలో నిలబడాలి, తర్వాత పక్క గదిలో, తర్వాత మరో అంతస్తులో. కొన్ని నెలలు పడుతుందని, తప్పక కుదురుతుందని రాసింది. చదివి వినిపిస్తే కండక్టరు చివరిదాకా విన్నాడు.

"నిజమే" అన్నాడు. "మరి నా గది?"

"కొంచెం ఆలస్యమవుతుంది. అంతే."

"బస్సన్నాక ఆలస్యం మామూలే" అని సంతకం చేశాడు.

సూపరింటెండెంటు చదివి, "ఇంత నిజాయితీగా ఎవరూ రాయరమ్మా" అని మెచ్చుకుని తానూ సంతకం పెట్టాడు. ఆ మెప్పు అబద్ధమేమీ కాదు. కౌన్సిల్ కూడా మెచ్చుకుంది. తన పనిని తాను ఇంత లోతుగా పరీక్షించుకోవడం ఆదర్శమని జవాబు రాసింది. భర్త ఆ జవాబును ఫ్రేము కట్టిస్తానన్నాడు.

ఆ వారంలోనే సూపరింటెండెంటు పిలిపించాడు. ఆయన ముందు ఆమె రాసిన కాగితాల నకలు ఉంది.

"ఆ గది వేరేవాళ్లకి ఇచ్చేశాం. ఆయన ఒక్కడే ఉండలేడని మీరే రాశారుగా."

"కొన్ని నెలల్లో ఉండగలడని కూడా రాశానండీ."

"గదిని నెలలు ఖాళీగా ఉంచనివ్వరు. ఇంకో మాట. ఇన్నాళ్లు నేర్పినా ఒక్క టీ రాలేదంటే ఆ వంటగది దేనికని పైవాళ్లు అడుగుతున్నారు. ఫైళ్లు పెట్టుకోవడానికి చోటు లేక చస్తున్నాం. మీ ఉద్యోగానికేం ఢోకా లేదు. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఏ బొమ్మలో వేయించండి."

తన వేలితో తన కన్నే పొడుచుకుంటే కనీసం నొప్పి తనదే. ఆమె పొడిచింది కండక్టరు కన్ను. అబద్ధం రాసి ఉంటే ఆయన ఆ ఇంట్లో పొయ్యి ముందు ఒంటరిగా నిలబడి, టీ లేకుండా ఎన్నాళ్లు ఉండేవాడో. నిజం రాస్తే పొయ్యే పోయింది. ఏది రాసినా తప్పే అయ్యే చోట తనను ఏం రాయమన్నట్టు? ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని చూపించడానికి ఎదురుగా చెడ్డవాడొక్కడూ లేడు.

మర్నాడు టీ వేళకు కండక్టరు వచ్చాడు. వంటగదికి తాళం వేసి ఉంది. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది, ఎప్పటిలాగే.

"ఆలస్యమవుతుందన్నారు" అన్నాడు, సంగతంతా విని.

"అన్నానండీ."

"ఎంత ఆలస్యం?"

ఆమె తాళం వంక చూసింది. ఆయనా అటే చూసి, "బండి డిపోకి వెళ్లిపోయిందన్నమాట" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమె కాస్త ఓర్చుకోగలిగేది.

ఆమె క్యాంటీన్‌కు వెళ్లి ఒక టీ పట్టుకొచ్చింది. చక్కెర వేసి, తానే కలిపి, కప్పు ఆయన చేతుల్లో పెట్టింది. ఈ ఉద్యోగంలో చేరాక ఒక రోగికి ఆమె అలా చేసిపెట్టడం అదే మొదటిసారి. ఆయన రెండు చేతులా కప్పు పట్టుకుని, టీ చల్లారిపోతున్నా అలాగే ఆమె మొహం వంక చూస్తూ కూర్చున్నాడు.

"తాగండి" అంది.

అప్పుడు తాగాడు.