దీపం లేని దీపాలక్క

"అమ్మా, దీపాలక్క నెత్తి మీద దీపం ఏది?"

మా రవి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఈ ప్రశ్న వేసిన క్షణంలోనే నా కుడికన్ను అదిరింది. నేను పట్టించుకోలేదు. బి.ఎ. చదివినదాన్ని కదా, కన్ను అదరడాలు నమ్మను. తర్వాత రెండు గంటల్లో మా ఆయన డ్యూటీకి నాగా పడింది, మా ఇంటి ముందర తవ్వకాలు జరిగాయి, గోదావరిఖని క్వార్టర్లలో మా వరుస వరుసంతా వచ్చి వినోదం చూసింది. ఇంతకూ కారణం ఏమిటనుకున్నారు? నేను జన్మలో చూడని టెలివిజన్.

మా ఆయన భూగర్భ గనిలో ఫిట్టరు. రెండో షిఫ్టు వారమైతే మధ్యాహ్నం మూడింటికి దిగి, పిల్లలు పడుకున్నాక ఎప్పుడో వస్తారు. పడుకుంటే కదా! ఏడేళ్ళ సుజాత, ఐదేళ్ళ రవి "నాయిన పైకొచ్చిండా?" అంటూ గుడ్లప్పగించి కూర్చునేవారు. ఆ భయం వాళ్ళకు అంటించిన మహాతల్లిని నేనే. అంటించిన పాపానికి మందుగా దీపాలక్కను పుట్టించాను.

నోటుబుక్కులో గీసిన బొమ్మల కథ. గోచీ పోసి కట్టిన ఎర్రచీర, కాళ్ళకు బూట్లు, నెత్తిన టోపీ, టోపీకి గని దీపం. బొగ్గు నింపిన ఇనప టబ్బును ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. ఏ సంచికలోనైనా చివరి బొమ్మ మాత్రం ఒకటే: దీపం వెలుగులో చీకటంతా వెతికి, నాయినలందరినీ పైకి తెస్తుంది. ఆ బొమ్మ చూశారంటే పిల్లలకు నిద్ర పట్టేది. అలా పదకొండు సంచికలు గీశాను. చుట్టుపక్కల పిల్లలు కూడా పట్టుకెళ్ళి, చదివి, అట్ట ఊడగొట్టి భద్రంగా తెచ్చిచ్చేవారు.

అప్పుడే హైదరాబాద్‌లో టీవీ కొత్తగా వచ్చింది. పిల్లల కార్యక్రమానికి కథలు కావాలంటే ఒక సంచికకు నకలు గీసి పంపాను. నాటికగా వేస్తున్నామని కార్డు వచ్చింది! ఇక నా కాళ్ళు నేలమీద ఆనలేదు. చిక్కల్లా ఒకటే: మా ఊళ్ళో టీవీ లేదు, కొనుక్కొచ్చి పెట్టినా బొమ్మ రాదు. అందుకని హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు విమలకు ఉత్తరం రాశాను, చూసింది చూసినట్టు రాసి పంపమని.

అది రాసింది. "అక్కా, నాటిక మస్తుగున్నది. దీపాలక్కది బూడిదరంగు చీర. బూట్లు నల్లగున్నయి. నెత్తి మీద దీపమైతే నాకు కనిపించలే. గురువారం నేనొస్తున్న, తక్కినయి వచ్చినంక చెప్త."

బూడిదరంగు! దీపం లేదు! వెంటనే నా చదువు పనిచేయడం మొదలుపెట్టింది. పట్నంలో అంతటి వాళ్ళు మార్చారంటే ఊరికే మారుస్తారా? రేపు లోకమంతా కొత్త దీపాలక్కను చూస్తుంటే మా పిల్లలు పాత ఎర్రచీర దగ్గరే ఆగిపోతే? వెనకబడిపోతే? నేను ఇట్టే భయపడే మనిషిని. భయపడ్డానంటే ఏదో ఒక పని చేస్తాను. మొదటి సంచిక నుంచి మళ్ళీ గీయడానికి కూర్చున్నాను. పాతవీ కొత్తవీ కలిస్తే గందరగోళమని పాత పదకొండూ పోగుచేసి బొగ్గుల పొయ్యిలో పెట్టాను. వాటి మంట మీదే నీళ్ళు కాచుకుని తలస్నానం కూడా చేశాను. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క కనీసం పులిని కళ్ళతో చూసింది! నేను ఉత్తరంలో చదివి పెట్టుకున్నాను.

పక్క క్వార్టరు రాజవ్వ కొత్త పుస్తకం తిరగేసి అడిగింది. "గిదేంది శాంతా, గీ పిల్ల పొయ్యిల పడి లేచిందా?"

"టీవీల గిట్లనే ఉన్నదట, రాజవ్వా."

"నువ్వు చూసినవా?"

"మా చెల్లె చూసింది."

"మంచిగున్నది బిడ్డా! చూసినామె పట్నంల సుకంగున్నది, చూడనామె రంగులు మారుస్తున్నది."

గురువారం మధ్యాహ్నం కొత్త సంచిక పిల్లలకిచ్చాను. రవి దీపం ఏదని అడిగింది అప్పుడే.

"టీవీల దీపం లేదు బిడ్డా. ఇగ అక్కకు అక్కర లేదు."

"మరి చీకట్ల ఎట్ల చూస్తది?" అంది సుజాత.

"శక్తితోటి."

"శక్తి వెలుగుతదా?"

"అన్నం తినుండ్రి," అన్నాను. తల్లి దగ్గర జవాబు లేదని చెప్పడానికి ఇంతకంటే గౌరవమైన మాట లేదు.

రెండు దాటాక మా ఆయన కేక. "ఏమే, నా బూట్లేవి?"

మంచం కింద లేవు. బియ్యం డబ్బా వెనక లేవు. చివరికి పప్పు గిన్నె మూత కూడా తీసి చూశాను.

"గిన్నెల బూట్లుంటయా?" అన్నారాయన.

"ఎక్కడో ఒకచోట ఉండాలె గదా!"

"బూట్లు లేంది గనిల దిగనియ్యరు. నీ చెప్పులేసుకొని పోవాల్నా?"

ఎదురింటివాళ్ళు బూట్లు తెచ్చారు. ఆయన వేళ్ళ వరకే పట్టాయి. పక్కింటివాళ్ళవి తెచ్చారు, అందులో ఆయన రెండు కాళ్ళూ ఒకేసారి పట్టేలా ఉన్నాయి. ఇంతలో సైరన్ మోగింది. మస్టరు, అంటే ఆ పూట హాజరు, పోయింది. ఆయన అరుగు మీద చతికిలబడ్డారు.

అప్పుడు రాజవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "ఓ సుజాతా, గింత ఎండల బొగ్గుల మీద ఎందుకు కూసున్నవే?"

చూస్తే, ఇంటి ముందున్న బొగ్గు కుప్ప మీద మా అమ్మాయి, గుడ్లు పొదిగే కోడిలా కదలకుండా! దాని పక్కన మోచేతుల దాకా నల్లబడి రవి. వాడు నన్ను చూడగానే బావురుమన్నాడు.

"దీపాలక్కకు దీపం లేదు! నాయినను చీకట్ల ఎట్ల దేవులాడ్తది? నాయిన పోవద్దు!"

వరుసంతా ఒక్కసారి నావైపు చూసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. మా ఊళ్ళో భూమి చీలి చాలా ఏళ్ళయింది కానీ, అందులో దిగడానికి నాకు మస్టరు లేదు.

మా ఆయన కుప్పలో చేతులు పెట్టి ఒక బూటు తీశారు, తర్వాత రెండోది. దులిపి నాతో అన్నారు. "పన్నెండేండ్ల సర్వీసు నాది. ఫిట్టరును. బొగ్గు తవ్వుడు మాత్రం ఇయ్యాల్నే మొదలు."

సరిగ్గా అప్పుడే రామగుండం స్టేషన్ నుంచి వచ్చిన రిక్షాలోంచి, చేతిలో సంచితో, విమల దిగింది. నేను దాని మీదికి వెళ్ళాను.

"దీపం తీసేసిన్రని ఎందుకు రాసినవే?"

"తీసేసిన్రని నేనెక్కడ రాసిన? నాకు కనిపించలే అని రాసిన."

"ఎందుకు కనిపించలే?"

"మా ఇంటి ఓనరామె టీవీకి లేసుగుడ్డ కుట్టుకున్నదక్కా. మాసిపోతదని సగమే ఎత్తుతది. ఎవ్వలొచ్చినా నొసలు దాకనే కనపడ్తరు. వార్తలు చదివెటాయనకు జుట్టున్నదో లేదో నాకు ఇప్పటిదాక తెల్వది."

నేను ఇంకా వదల్లేదు. "మరి బూడిదరంగు చీర?"

"టీవీల రంగులుంటయా? అంత నలుపు తెలుపే. రామచిలుక సుత బూడిదరంగే!"

"మీ అక్క బి.ఎ.," అన్నారు మా ఆయన, బూటుకు లేసు కట్టుకుంటూ. డ్యూటీ లేకపోయినా కట్టుకున్నారు, నన్ను ఏడిపించడానికి.

ఆ రాత్రంతా ఎర్ర పెన్సిలు అరగదీసి చీరలు దిద్దాను, ప్రతి నెత్తి మీదా దీపం గీశాను. గీస్తూనే మా బొగ్గు కుప్ప సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో లేసుగుడ్డ పూర్తిగా ఎత్తి, లోపలున్నది నా రెండు కళ్ళతో చూడనిదే ఏ మార్పూ చేయను, పప్పులో చింతపండుతో సహా.

తెల్లారి పిల్లలు కొత్త పుస్తకం చూసి నన్ను నిలదీశారు. "నిన్న దీపం యాడికి పోయింది?"

"యాడికి పోతది? షిఫ్టు అయినంక నాయిన దీపాన్ని లాంపురూముల చార్జింగుకు పెడ్తడు గదా? అక్క సుత పెట్టింది. ఇయ్యాల పొద్దున తన నంబరు బిళ్ళ చూపించి తెచ్చుకున్నది."

రవి లోపలికి వెళ్ళి, వాళ్ళ నాయిన బూట్లు రెండూ ఈడ్చుకొచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

"మరి నిన్న అక్క నాగా పెట్టిందా?"

"పెట్టింది బిడ్డా," అన్నాను. "ఒక్కనాడే. మీ నాయినకు తోడు."