కజ్జికాయల పీట ముందు పిండశాస్త్రం

నోరు జారితే కొందరికి పరువు పోతుంది, కొందరికి ఉద్యోగం పోతుంది. నేను నోరు జారితే మా బావగారి చేపల చెరువు పోయింది. నమ్మరు కదూ? చేపల వ్యాను వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చుని ఏలూరు దాకా తడుస్తూ వెళ్లినవాణ్ణి నేనే కాకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త లెక్చరర్ పొద్దూ ఎరగడు, గడపా ఎరగడు. ఎవరు దొరికితే వాళ్లకి పాఠం చెప్పేస్తాడు. పెంటపాడులో మా ఇంటికి పాలు పోయడానికి వచ్చే ముసలాయనకి కప్ప గుండెలో ఎన్ని గదులుంటాయో చెప్పాను. ఆయన మర్నాటి నుంచి పాలు గుమ్మంలో పెట్టి, పిలవకుండానే వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. అర్థం చేసుకోవలసిన సూచనే. నేను చేసుకోలేదు.

ఆ వారం క్లాసులో పిండం ఎలా తయారవుతుందో చెబుతున్నాను. మొదట్లో పిండం పల్చటి అప్పడంలాంటి పొరలు, అంతే. తల లేదు, తోక లేదు. ఆ పొరలే మడతపడి, లోపలికి ముడుచుకుని గొట్టాలవుతాయి, గిన్నెలవుతాయి. ఒక మడత పేగవుతుంది. ఇంకోటి లోపలికి నొక్కుకుని కంటి గిన్నె అవుతుంది. వీపు వైపు ఒక గాడి పడి, దాని రెండు గట్లూ పైకి లేచి, ఒకదాన్నొకటి కలుసుకుని అతుక్కుంటే, ఆ గొట్టంలోంచే మెదడూ వెన్నుపామూ వస్తాయి. ఇదంతా బోర్డు మీద రంగు సుద్దలతో వేసి, "అచ్చం కజ్జికాయ మడిచినట్టు!" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఒక కుర్రాడు చప్పట్లు కూడా కొట్టాడు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి. అసలు మునిగింది నా కొంప కాదు, అదే బాధ.

ఆ ఆదివారం మా శ్యామలక్కని పుట్టింటికి తీసుకురావడానికి కొల్లేటి లంకలో ఉన్న వాళ్ల అత్తవారింటికి వెళ్లాను. అక్కకి ఏడో నెల. మొదటి కాన్పు నిలవలేదు. తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈసారి కడుపు పండిందని తెలిశాక కూడా అమ్మ గట్టిగా నవ్వడానికి భయపడేది, నవ్వు విని దేవుడు ఇటు చూస్తాడేమోనని.

వాన వదలడం లేదు. కొల్లేరు ఉబ్బి రోడ్డు అంచుని నాకుతోంది. బావగారు నాగరాజు తమకున్న ఒక్క చెరువు గట్టు మీదే ఉన్నారట. ఇసుక బస్తాలు వేయిస్తూ, గట్టు చుట్టూ వలలు కట్టిస్తూ, తిండికి కూడా ఇంటికి రావడం లేదట. అందులో పట్టుబడికి వచ్చిన చేప ఉంది. ఆ ఇంట్లో ఉన్న దిగులంతా గట్టు మీద ఒకటి, అక్క కడుపులో ఒకటి. మూడో దిగులు బస్సు దిగి, గొడుగు ముడిచి లోపలికి వచ్చింది.

వంటింట్లో అక్క, వాళ్ల అత్తగారు సుభద్రమ్మగారు పుట్టింటికి పట్టుకెళ్లడానికి కజ్జికాయలు చేస్తున్నారు. అక్క పీట మీద కూర్చుని పూరీలో కొబ్బరీ బెల్లమూ పెట్టి మడుస్తోంది. అత్తగారు పొయ్యి దగ్గర వేయిస్తున్నారు. ఆ మడత చూడగానే నా నాలుక దురద పెట్టింది.

"అత్తయ్యగారూ, మనమంతా ఒకప్పుడు ఇలాగే ఉండేవాళ్లమండీ," అన్నాను.

"ఇంత తియ్యగానా బాబూ?" అన్నారావిడ.

"కాదండీ, ఇలా మడతపడి!" అని పీట పక్కన చతికిలబడ్డాను. ఒక పూరీ తీసుకున్నాను. గాడి ఎలా పడుతుందో వేలితో నొక్కి చూపించాను. గట్లు లేపాను. "ఇదిగో, ఇవి మధ్యలో కలుసుకుంటాయి. అక్కణ్ణుంచి అటు తల వైపూ ఇటు నడుం వైపూ జిప్పు వేసినట్టు మూసుకుంటూ పోతాయి."

ఆవిడ గరిటె పట్టుకుని ముందుకు వంగారు. "అబ్బా, ఎంత విడ్డూరమమ్మా! ఎవరు మడుస్తారు బాబూ?"

"ఎవరూ మడవక్కర్లేదండీ. కణాలే ఆకారం మార్చుకుని వాటంతటవే ముడుచుకుంటాయి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు వినేవాళ్లలో ఒకరు కడుపుతో ఉన్నారన్నది చెప్పేవాడికి తట్టలేదు.

అక్క చేతిలో కజ్జికాయ అలాగే ఉంది. మెల్లగా అడిగింది, "మరి మూసుకోకపోతేరా?"

ఇక్కడ ఆగాలి. బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ ఆగి, కాస్త మంచినీళ్లిమ్మంటాడు. నేను క్లాసులో మంచి ప్రశ్న వచ్చినప్పుడు వెలిగినట్టు వెలిగిపోయాను.

"శభాష్! అక్కడే ఉందక్కా అసలు కథ!"

సరిగ్గా అప్పుడే బాణలిలో ఒక కజ్జికాయ నోరు విప్పింది. లోపలి బెల్లం నూనెలోకి జారి, చుయ్యిమని నల్లగా మాడింది. ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ లెక్చరర్‌కి దొరుకుతుంది? లేచి నిలబడి వేలు చూపించాను.

"అదిగో, అలా! వెన్ను తెరుచుకునే ఉండిపోతుంది."

సుభద్రమ్మగారు పొయ్యి కట్టేశారు.

"తమ్ముడూ, మా బిడ్డకి మూసుకునే ఉంటుందా?"

"చాలామందికి మూసుకునే ఉంటుందక్కా."

చాలామందికి! ఏవండీ, తెలుగులో ఇన్ని వేల మాటలున్నాయి. "అయ్యో, ఎప్పుడో మూసుకుపోయుంటుందే" అనొచ్చు. "పిచ్చిదానా" అనొచ్చు. దగ్గొచ్చు. నేను ఏరి ఏరి ఆ మాటే పట్టుకున్నాను.

"చాలామందికంటే? అందరికీ కాదా బాబూ?" అన్నారు అత్తగారు.

"ఏ కొద్దిమందికో అలా అవుతుందండీ. అయినా భయపడక్కర్లేదు. అలా పుట్టినా ఇప్పుడు ఆపరేషన్లు ఉన్నాయి."

ఓదార్పు అనుకుని నేను వేసిన ఒక్కో మాటా గట్టు మీద వేసిన బస్తాలాగ కాక, గట్టులోంచి లాగేసిన బస్తాలాగ పనిచేసింది. అక్క మొహంలో రంగు దిగిపోయింది.

"మొదట పోయిన బిడ్డ... అదీ అందుకేనా?"

దానికి నా దగ్గర పాఠం లేదు. "తెలీదక్కా," అన్నాను. నిజమే చెప్పాను. కానీ ఆవిడ ఏళ్ల తరబడి తనని తాను అడగకుండా దాచుకున్న ప్రశ్నని పైకి లాగింది నేనేనని, ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది.

అక్క చెయ్యి కడుక్కుని వెనక వసారాలోకి వెళ్లి కూర్చుంది. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క వైపు చూస్తోంది. కాసేపటికి అత్తగారిని పిలిచింది. "అత్తయ్యా, పొద్దుటి నుంచి బిడ్డ కదిలినట్టు లేదు."

ఇక చూడండి. అత్తగారు దేవుడి గూటి ముందు నిలబడి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. వచ్చి బావగారికి ఫోన్ చేశారు. ఆయన మోకాళ్ల దాకా బురదతో, చేపలు మోసే వ్యాను వేసుకుని వచ్చేశారు. ఆ సమయానికి ఇంకే బండీ దొరికేలా లేదు.

"ఏమైంది?"

"రాంబాబు చెప్పాడు, వెన్ను మూసుకోదట," అన్నారు అత్తగారు.

"మూసుకోదనలేదండీ, మూసుకోకపోవచ్చని..."

బావగారు నా వైపు చూశారు. ఆయన నెమ్మది మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. అందుకే ఆ చూపు తిట్టు కంటే ఘాటుగా ఉంది. "గట్టు దగ్గర మనుషులు చాలరు. అయినా పదండి," అన్నారు.

అక్కా, అత్తగారూ ముందు సీట్లో. నేను వెనక, ట్రేల మధ్య. దారి పొడవునా చేప నీళ్లు నా ప్యాంటుని పలకరిస్తూనే ఉన్నాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి నేనే నా పాఠాన్ని నమ్మి వణుకుతున్నాను. తెరుచుకున్న వెన్ను బొమ్మలు, పుస్తకంలో ఉన్నవన్నీ, కళ్లముందు తిరుగుతున్నాయి. ముందు సీట్లో అక్క ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. అద్దంలోంచి ఆవిడ జడ ఒక్కటే కనబడుతోంది, కుదుపులకి ఊగుతూ.

ఏలూరు ఆసుపత్రిలో మమ్మల్ని చూసి, వాసన కూడా చూసి, బెంచీ మీద వాళ్లు పక్కకి జరిగారు. అక్కని మొదటి నుంచీ చూస్తున్న డాక్టరమ్మగారే ఆ రోజు డ్యూటీలో ఉన్నారు. అక్కని బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద యంత్రం ఆనించారు. కాసేపు గరగర. తర్వాత టకటకటక, పట్టాల మీద రైలు దూసుకుపోతున్నట్టు గుండె చప్పుడు. అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడు ఏడ్చింది.

"బిడ్డ బాగుందమ్మా. నిద్రపోయుంటుంది. ఇదిగో, కదులుతోంది చూడు. ఇంతకీ ఈ వెన్ను గొడవేంటి?"

అందరూ నన్నే చూపించారు. గోడ కూడా నన్నే చూపించినట్టనిపించింది.

"మీరేం చేస్తారండీ?" అన్నారు డాక్టరమ్మగారు.

"జువాలజీ లెక్చరర్నండీ."

"మంచిది. ఆ గొట్టం ఎన్నో వారంలో మూసుకుంటుంది మాస్టారూ?"

నోటికొచ్చిన పాఠం. ఠక్కున చెప్పాను. "నాలుగో వారం చివరికండీ."

"మీ అక్కకి ఇప్పుడు ఎన్నో నెల?"

నేను నోరు తెరిచాను. మూశాను. కణాల సాయం లేకుండానే నా తల వెన్నులోకి ముడుచుకుపోయింది.

"ఏడో నెలండీ," అన్నాను నేలకేసి చూస్తూ.

"తను కడుపుతో ఉన్నానని తనకే సరిగా తెలియక ముందే అయిపోయిన పనికి, ఇవాళ ఇంతమందిని వానలో తిప్పారు. అయిదో నెల స్కానింగులో వెన్ను మొత్తం నేనే చూశాను. చక్కగా ఉంది."

బావగారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన మొహంలో హాయి ఇంకా పూర్తిగా పరుచుకోకముందే జేబులో ఫోన్ మోగింది. విన్నారు. "ఊఁ," అన్నారు. మళ్లీ "ఊఁ," అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"గట్టు తెగిందట," అన్నారు అక్కతో, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "చేపంతా కొల్లేట్లోకి పోయింది."

నేను ఆయన కాళ్ల మీద పడబోయాను. ఆయన భుజం పట్టి ఆపారు. "నేనున్నా తెగేదేమోలే రాంబాబూ." ఆ 'ఏమో' ఉంది చూశారూ, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పులు తీర్చడానికి చెరువు అమ్మేసి, ఇప్పుడాయన ఇంకొకరి చెరువుల మీద మేత వేసే పనికి వెళుతున్నారు. నేను సాయం చేయబోతే పుచ్చుకోరు. పండక్కి వెళితే నాకు ముందు వడ్డించమంటారు. అది ఇంకా కష్టం.

అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురిటి గదిలో నేను చేసిన మొదటి పని, ఎవరూ చూడకుండా పిల్లని బోర్లా తిప్పి వీపు మీద వేలు రాయడం. అక్క చూడనే చూసింది. "మూసుకునే ఉందారా?" అంది. "ఉందక్కా," అన్నాను.

పిల్లకి అయిదో నెల రాగానే సుభద్రమ్మగారు అందరినీ ద్వారకా తిరుమల రమ్మన్నారు. మొక్కు ఉందన్నారు. పిల్లకి పుట్టువెంట్రుకలు తీయిస్తారనుకుని నేనే ఎత్తుకుని కొండెక్కాను. కల్యాణకట్ట దగ్గర ఆవిడ పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని, ఖాళీ పీట చూపించారు.

"కూర్చో బాబూ."

"నేనాండీ? మొక్కు పిల్లది కదండీ?"

"పిల్లదెందుకవుతుంది? ఆ రోజు దేవుడి గూటి ముందు నిలబడి, బిడ్డ క్షేమంగా ఉంటే తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను. ఎవరివో అప్పుడే చెప్పేశాను స్వామికి." ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "మొక్కు నాది. తల నీది."

బావగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూశాను. గట్టు తెగిన తర్వాత ఆ మనిషి నవ్వగా చూడటం నాకదే మొదలు. అందుకని ఇంకో మాట మాట్లాడకుండా పీట మీద కూర్చుని తల వంచాను.

మర్నాడు కాలేజీలో నా గుండు చూసి క్లాసంతా లేచి నిలబడింది, ఇంట్లో పెద్దవాళ్లెవరో పోయారనుకుని. ఒకమ్మాయి కళ్లొత్తుకుంది కూడా. నేను వాళ్లని కూర్చోబెట్టి, ఇప్పుడు మీ ముందు చేస్తున్నంత గంభీరంగానే ప్రమాణం చేశాను. కల్యాణకట్ట కత్తి సాక్షిగా, చందనం పూసిన ఈ గుండు సాక్షిగా చెబుతున్నాను. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో ఇక నేను నోరు తెరిస్తే అన్నం తినడానికే తెరుస్తాను. ఎవరైనా సందేహం అడిగితే డాక్టరమ్మగారి దగ్గరికి దారి చూపిస్తాను, అదీ వేలితో. మరీ ఆగలేకపోతే లేచి వీధిలోకి పోయి, ఏ గేదెకో చెప్పుకుంటాను. ఆ గేదె చూలుతో లేదని ముందు దాని యజమానిని అడిగి తెలుసుకున్నాకే.