దొర తినందే బోణీ లేదు

వన్ టౌన్ చేపల బజార్లో రత్తమ్మ నోటికి జడవని మనిషి లేడు. అలాంటి రత్తమ్మ ఒక పిల్లికి మాత్రం జీతం బత్తెం లేని నౌకరు. ఆ పిల్లి పేరు దొర. పొద్దున్నే కైకలూరు బస్సు మీంచి చేపల గంప దిగగానే అందులోంచి ఒక పరిగె తీసి దొర ముందు పెట్టాలి. అది తిన్నాకే బోణీ. కలెక్టరొచ్చి నిలబడ్డా సరే, దొర మూతి నాక్కున్నాకే రత్తమ్మ తక్కెడ లేచేది.

అలా పుష్కరం గడిచింది. దొరకి పళ్లూడాయి, ఒక కన్ను మసకేసింది. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది చలికాలంలో ఒకనాడు పరిగె పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. రత్తమ్మ ముళ్లు తీసింది, మెత్తగా నలిపింది, వేలితో నోటికందించింది. ఊహూఁ.

"ఏంట్రా నీ బెట్టు? ఖాళీ కడుపుతో పోతావా నా దగ్గర్నించి? చంపేస్తానొరేయ్!" అని కసిరి కొంగుతో కళ్లొత్తుకుంది. దాని పని అయిపోయిందని ఆమెకు తెలుసు. ఆకలితో పంపకూడదనే ఆమె బాధంతా.

కొనేవాళ్లు పోగయ్యారు. "ఆఫీసుకి టైమైపోతోంది రత్తమ్మా, రెండు బొచ్చెలు తూచవమ్మా," అన్నాడొకాయన.

"బోణీ కాలేదు బాబూ. ఆగితే ఆగండి, లేపోతే ఆ పక్క గంపకి పోండి."

పక్క గంప అంకాలమ్మది. దొర కనిపిస్తే చీపురు తిరగేసే మనిషి. ఆ చీపురు మూలంగానే ఇద్దరికీ మాటల్లేవు. తిట్లు మాత్రం ఉండేవి.

ఆవేళ అంకాలమ్మ తిట్టలేదు. బతికున్న కొరమీనుని పట్టుకుని కోసింది. పక్క టీకొట్టు పొయ్యి మీద ఒక ముక్క ఉడకేయించి, అరచేతిలో నలుపుకుంటూ వచ్చి దొర పక్కన చతికిలబడింది. "ఇటు చూడయ్యా, దొరా," అంది.

దొర కన్ను తెరిచింది. మెల్లగా నాకింది. ఆ ముక్కంతా తినేసింది.

రత్తమ్మ నోరెళ్లబెట్టింది. "నీ చేతి తిండి వీడికెప్పుడలవాటే?"

"రోజూ తినేదేగా! నీ పరిగె తినేసి నా గంప వెనక్కొచ్చేవాడు. వీడు తినందే నాకూ బోణీ లేదు."

"మరి ఆ చీపురో?"

"నీకు తెలిస్తే నా పరువేం గాను?"

"ఓరి దొంగ సచ్చినోడా! రెండిళ్ల అల్లుడివా!" రత్తమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. దొర ఆమె ఒళ్లో తలపెట్టి పడుకుంది, మధ్యాహ్నం కాకుండానే పోయింది.

ఇద్దరూ కలిసి కాలవ గట్టున గొయ్యి తీసి పూడ్చారు.

"కడుపు నిండే పోయాడు కదే, అంకాలూ?"

"నిండిందే. మరి నువ్వో? పొద్దుట్నించి పచ్చి మంచినీళ్లన్నా తాగావా?"

అంకాలమ్మ క్యారేజీ విప్పి ముద్ద కలిపి ఆమె చేతిలో పెట్టింది. రత్తమ్మ ఏడుస్తూనే తింది. రెండో ముద్దకి చెయ్యి చాస్తూ, "పులుసులో చింతపండు ఇంతలా పోస్తారటే, దరిద్రం!" అని తిట్టింది.