తోక అతుక్కున్న చేప

పెళ్ళై నేను అల్లవరం దగ్గర అత్తవారింటికి వచ్చేసరికే ముందుగదిలో ఈశాన్యం మూల చేపల తొట్టి ఉంది. తొంభైల చివరి రోజులవి. మావగారికి రొయ్యల చెరువులు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ జబ్బుతో పోతే, వాస్తు చూసే సిద్ధాంతిగారొకాయన ఇల్లంతా తిరిగి, ఈశాన్యంలో నీళ్ళూ చేపలూ ఉండాలన్నారట. ఇంటికి రావలసిన కీడు చేప తన మీద వేసుకుని చచ్చిపోతుందని కూడా చెప్పారట. అంచేత నేను రాకముందు ఎప్పుడైనా ఒకటి చస్తే అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఏ గండమో తప్పిందని ఇంకోటి తెప్పించేవారు. చేప చావు ఆ ఇంట్లో శుభవార్త అన్నమాట.

నేను వచ్చాక ఆ లెక్క మారిపోయింది. పొద్దున్నే ముగ్గేసి లోపలికి వచ్చేసరికి ఒకటో రెండో వెల్లకిలా తేలి ఉండేవి. ముందురోజు సాయంత్రం దాకా మేత కోసం పైకి ఎగబడినవే. ఒంటి మీద మచ్చ లేదు, పుండు లేదు. ఎందుకు చచ్చాయో ఇప్పటికీ నాకు తెలీదు. వాటిని తీసి కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టే పని మాత్రం నాదే.

ఇంత కీడు ఎక్కణ్ణుంచి వస్తోందన్న ప్రశ్న పుట్టింది. ఇంట్లోకి కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే. నా మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. మా వైపు మర్యాద ఎక్కువ కదా, కోసినా మెత్తగా కోస్తారు. పాలావిడ వచ్చినప్పుడు అత్తగారు నాకు వినపడేంత దూరంలో నిలబడి, కొందరి పాదాల గురించి మాట్లాడేవారు. చెరువులో కొత్త సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, వదిలే రోజున ఆ ఇంటి కోడలు గట్టు మీద పసుపు కుంకుమ జల్లి కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. అది నా చేత కొట్టించాలా వద్దా అన్నది ఆ చేపల చేతిలోకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది ఒక్కదానికే. మావగారికి నీళ్ళ గురించి తెలియనిది లేదు. గట్టు మీద నిలబడి రంగూ వాసనా చూసి చెరువు అడుగు పాడైందో లేదో చెప్పేవారు. ఒక్క రొయ్య నీరసంగా ఒడ్డుకి వస్తే చాలు, సీసాలో నీళ్ళు పట్టించి అమలాపురం ల్యాబ్‌కి పంపేవారు. ఒకసారి ధైర్యం చేసి, ఆ సీసాలతో పాటు తొట్టి నీళ్ళు కూడా ఒక సీసా పంపిద్దామా అని అడిగాను. ఆయన నవ్వేసి, "గాజుతొట్టికి ల్యాబేంటమ్మా," అన్నారు. చెరువులో చస్తే నీళ్ళని చూసే మనుషులు, ఇంట్లో చస్తే నన్ను చూశారు.

నేనూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. తొట్టిలో పోసే నీళ్ళు ముందురోజే బిందెల్లో పట్టి ఉంచేదాన్ని. దోమల మందు కొట్టేటప్పుడు గాలి పంపు ఆపేసి తొట్టి మీద తువ్వాలు కప్పేదాన్ని. మేత సగానికి తగ్గించాను. అయినా చచ్చేవి. వాటిలో నారింజ రంగుది ఒకటి, తోక సగం చిరిగిపోయి ఓ పక్కకి ఒరిగి ఈదేది. అది మాత్రం మొండిగా బతికింది. ఆ ఇంట్లో నాకు నిజంగా ఇష్టమైన ప్రాణి అదొక్కటే. లేవగానే ముందు దాన్నే వెతుక్కునేదాన్ని.

ఆషాఢం వచ్చింది. అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదని నన్ను రాజోలు, మా పుట్టింటికి పంపేశారు. నెల పోయాక తిరిగి వస్తే తొట్టి నిండా చేపలు కళకళలాడుతున్నాయి. మధ్యాహ్నం మావగారికీ మా ఆయనకీ వడ్డిస్తుంటే అత్తగారు అన్నారు, "చూసేవా అమ్మా, నువ్వెళ్ళేక ఒక్కటీ పోలేదు."

నేను అప్పటికే చూశాను. నారింజ చేప తిన్నగా ఈదుతోంది. తోక నిండుగా ఉంది.

"దాని తోక అతుక్కుందండీ అత్తయ్యగారూ," అన్నాను.

"అతుక్కోదా మరి? ఇల్లు ప్రశాంతంగా ఉందాయె," అన్నారావిడ.

మా ఆయన తలెత్తలేదు. కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నారు.

గదిలోకి వచ్చాక అడిగితే దాచలేదు. ఒక శనివారం అత్తగారూ మావగారూ వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళినప్పుడు తొట్టిలోవన్నీ ఒక్కసారే తేలిపోయాయట. వాళ్ళు తిరిగొచ్చేలోపల అమలాపురం పరిగెత్తి అవే రంగులవి కొనుక్కొచ్చి వేశారట.

"అమ్మ బెంగెట్టేసుకుంటాదని మార్చేను. ఇప్పుడు చెప్తే ఇంకా కంగారుపడతాది. నువ్వూ అనకు," అన్నారు.

అమ్మ బెంగ ఆయనకి తెలిసింది. నా బెంగ తెలియలేదని నేననుకోను. తెలిసే ఊరుకున్నారు. అత్తయ్యగారికి ఒక్క మాట చెప్పండి చాలని బతిమాలాను. సీడ్ వదిలేలోపు చెప్తానన్నారు.

శ్రావణంలో ముహూర్తం పెట్టారు. ఆ పొద్దున్న పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమ పళ్ళెంలో సర్దుకుని వీధి అరుగు మీదికి వచ్చాను. అత్తగారు పళ్ళెం నా చేతుల్లోంచి నెమ్మదిగా తీసుకున్నారు. "నువ్వు ఇంటి దగ్గరుండమ్మా. చేపలకి మేత వేసేవాళ్ళుండాలి కదా," అన్నారు. మా ఆయన మోటార్‌సైకిల్ స్టార్టు చేసి, ఆవిడ ఎక్కేదాకా ముందుకే చూస్తూ కూర్చున్నారు. చెప్పలేదు. నేను లోపలికి వెళ్ళి, చీర మార్చుకోకుండానే ఆ తొట్టి ముందు కూర్చుని ఏడ్చాను.

ఆ పంటా దక్కలేదు. రొయ్య కాస్త ఎదిగేసరికి మళ్ళీ తెల్లమచ్చ. మావగారు సీడ్ మంచిది కాదన్నారు, పక్క చెరువు వాళ్ళు పాడునీళ్ళు కాలవలోకి వదిలేరన్నారు. అత్తగారు వానల్ని తిట్టారు. అన్నీ వెతికారు గాని ఆ గట్టు మీద నేను కాలు పెట్టలేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

మా ఆయన నీళ్ళ సీసాలు సంచిలో సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను.

"ఈసారి నేను గట్టు మీదికి రాలేదు కదండీ," అన్నాను.

"ఇది జబ్బు," అన్నారు.

"మరి తొట్టిలోవో?"

ఆయన సీసాల మూతలు బిగించుకుని, ల్యాబ్ మూసేస్తారని వెళ్ళిపోయారు.