దూకినట్లు రాసిన రికార్డు

ప్రాక్టికల్ రికార్డు అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మన చదువుల్లో అదెలా తయారవుతుందో తెలియనివాళ్ళు లేరు. ముందు బ్యాచ్ వాళ్ళది అడిగి తెచ్చుకోవడం, ఒకవైపు బొమ్మ, ఒకవైపు రాత, ఉన్నదున్నట్లు దించేయడం. పాలిటెక్నిక్‌లో నేనూ అలాగే దించి పాసయ్యాను. తర్వాత మేడాన్నై, దించినవాటి మీద సంతకాలు పెట్టాను.

రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. మాది కోస్తా. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఆఫీసు ఉద్యోగం కాబట్టి ఛత్రినాకలో అద్దెకుండేవాళ్ళం. నేను ఉస్మాన్‌గంజ్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. కింద ఎండుమిర్చి గోదాము, పైన మా క్లాసు. బస్తాలు దించినప్పుడల్లా నేనూ, పిల్లలూ కలిసి తుమ్మేవాళ్ళం. పిల్లలంటున్నాను గానీ అందరూ మీసాలొచ్చినవాళ్ళే.

యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్ళు. తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారం. కంప్యూటర్ కోర్సులకు గిరాకీ తగ్గగానే అదే గదిలో, అవే బెంచీల మీద, విదేశాల్లో సముద్రం మధ్యన నిలబెట్టే గాలిమరల మీద పని నేర్పి ఉద్యోగాలు ఇప్పిస్తామని బోర్డు మార్చాడు. హైదరాబాదులో సముద్రమెక్కడుందని ఎవరైనా అడిగితే నన్ను చూపించేవాడు. కోస్తా నుంచి వచ్చిన మేడం అని కరపత్రాల్లో కూడా వేయించాడు. నాకు ఈతే రాదు మహాప్రభో! మా వైపు ఆడపిల్లలు చీలమండలు తడిసేదాకా సముద్రంలోకి వెళ్తే అదే గొప్ప.

గాలికి రెక్క ఎలా తిరుగుతుందో, గేర్‌బాక్సులో ఏం జరుగుతుందో నేను బాగానే చెప్పేదాన్ని. అందులో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. కానీ ఆ పనికి వెళ్ళేవాడు పడవలో పోయి స్తంభం ఎక్కాలి, కాలు జారితే నీళ్ళలో తేలాలి. ముందు నేర్చుకోవలసింది ప్రాణం కాపాడుకోవడం. ఆ పాఠాలన్నీ మా దగ్గర రికార్డులోనే జరిగేవి. లైఫ్ జాకెట్ తొడుక్కుని నీటిలోకి దూకుట అని ఒక ప్రయోగం. నీలం స్కెచ్ పెన్నుతో అలలు. చివర ఫలితం: విజయవంతంగా నీటిలోకి దూకడమైనది. సిగ్గు లేకపోతే సరి.

ఆ ఏడాది క్లాసులో ముప్ఫై దాటిన మనిషి ఒకాయన ఉండేవాడు. చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే జాబ్‌వర్కు ఆగిపోయి ఆ వర్క్‌షాపు మూతపడింది. ఏడాదిగా దొరికిన కూలి చేసుకుంటూ, ఇద్దరు ఆడపిల్లల్ని బడి మాన్పించకుండా నెట్టుకొస్తున్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే ఇక తన చేతికి మిషన్ అందదని భయపడేవాడు. లేత్ మీద వెంట్రుకవాసి తేడా కూడా రానివ్వని మనిషి కదా, రికార్డు దగ్గర ఆగిపోయాడు.

“మేడం, నేను దుంకలే గదా. దుంకిన అని ఎట్ల రాయాలె?”

ఆ రోజు నాకు చిరాకేసింది. క్లాసంతా నవ్వుతున్నారు. రికార్డంటే అంతేనండీ, అందరూ రాసిందే మీరూ రాయండి అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

అయినా ఆయన మాట లోపల గుచ్చుతూనే ఉంది. ఒక్క రోజు వీళ్ళను ఈత కొలనుకు తీసుకెళ్దామని సేఠ్‌ను అడిగాను. రెండుసార్లు అడిగాను. “అరే మేడం, ఎవడు చూస్తడు? రికార్డు మంచిగుంటే బస్. ఫికర్ చెయ్యకుండ్రి” అన్నాడు. నేను గొణుక్కుంటూ వచ్చి కూర్చుని ఆయనదీ కలిపి ఆరుగురి రికార్డుల మీదా టకటకా సంతకాలు పెట్టేశాను. ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు.

ఎంపిక చేయడానికి బొంబాయి నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. ఊరి చివర ఒక ఈత కొలను దగ్గరికి రమ్మన్నాడు. సేఠ్ రాలేదు, నన్ను పంపాడు. ఆ మనిషి రికార్డులు తిరగేసి, బాగున్నాయని మెచ్చుకుని, జాకెట్లు చూపించి ఒక్కొక్కరే దూకమన్నాడు. మావాళ్ళ మొహాలు చూడాలి. ఒకడికి ఉన్నట్టుండి జ్వరం, ఒకడికి చెవిపోటు. ఐదుగురూ ఏదో ఒకటి చెప్పి రేపు దూకుతామన్నారు. లేత్ మిషన్ ఆయన ఒక్కడే జాకెట్ తీసుకున్నాడు.

గట్టు ఎక్కి ఒకసారి నా వైపు చూశాడు. అప్పుడు నోరు తెరిచి ఈయనకు నీళ్ళు తెలియవని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నేను గచ్చు మీది టైల్స్ చూస్తూ నిలబడ్డాను. ఆయన దూకాడు.

మనిషి కిందికి పోయాడు, జాకెట్ మాత్రం తలమీది నుంచి ఊడి పైకి తేలింది. కొలను కాపలావాడు దూకి బయటికి లాగేసరికి ఆయన కళ్ళు తేలేశాడు. బోర్లా వేసి వీపు చరిస్తే నీళ్ళు కక్కి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ జాకెట్‌కు కాళ్ళ మధ్య నుంచి తెచ్చి బిగించే పట్టీ ఒకటుందట. అది కట్టుకోలేదు. ఎందుకు కట్టుకుంటాడు? రికార్డులో లేదు. నా దగ్గరున్న అసలు పాఠ్యపుస్తకంలో పట్టీ బిగించాలన్న వాక్యం ఉంది. మొదటి బ్యాచ్‌లో ఎవడో దించుతూ ఆ ఒక్క వరస వదిలేశాడు. తర్వాత అందరూ వదిలేశారు. నేను సంతకం పెట్టాను.

నీకు ఎవరు నేర్పారని కంపెనీ మనిషి గట్టిగా అడిగాడు. ఆయన దగ్గుతూనే చెప్పాడు.

“నాకే చేతగాలే సార్. మేడం మంచిగనే నేర్పింది.”

చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఈయన ఎన్నడూ దూకలేదు, వీళ్ళలో ఎవరూ దూకలేదు, ఆ సంతకాలు నావి అని అప్పుడు చెప్పాను. ఏం లాభం? కంపెనీ మనిషి ఫైలు మూసి అందరినీ ఇంటికి పొమ్మన్నాడు. తిరుగు బస్సులో మిగతా ఐదుగురూ నాకు దూరంగా వెనక సీట్లలో కూర్చున్నారు. నోరు మూసుకుని ఉంటే ఈమె సొమ్మేం పోయిందని ఒకడు నాకు వినబడేలా అన్నాడు.

మర్నాడు సేఠ్ కూడా అదే అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషి చచ్చిపోయేవాడు, తెలుస్తోందా మీకు అని అరిచాను. గోదాములో హమాలీలు బస్తాలు వదిలేసి మెట్లెక్కి చూశారు. ఆ రోజే మానేశాను. వారం తిరక్కుండానే ఆ కుర్చీలో ఇంకో సారు కూర్చున్నాడు.

పది రోజుల తర్వాత కొలనులో దూకిన ఆయన ఛత్రినాకలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రికార్డు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. బొంబాయిలో ఇంకో కంపెనీ ఉందనీ, అక్కడ తామే నేర్పించి తీసుకుంటారనీ, పోయి చూస్తాననీ చెప్పాడు. నీళ్ళంటే భయం లేదా అంటే ఉందన్నాడు. మరి ఆ రోజు ఎందుకు దూకారని అడిగాను.

“మీరు సంతకం పెట్టిన్రు గదా మేడం. నేను దుంకలే అంటే మీరు అబద్ధమాడిన్రంటరు.”

నాకు ఆయన మీద కూడా కోపమొచ్చింది. నా సంతకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే మనిషిని ఏమనాలి? ఆయన ఆ పేజీ తీసి నా ముందు పెట్టాడు.

“ఇప్పుడైతే దుంకిన గదా. తారీఖు మార్చి పెట్టుండ్రి.”

పాత సంతకం కొట్టేశాను. పట్టీ గురించి వదిలేసిన వాక్యం నా చేత్తో రాశాను. విజయవంతంగా అన్న మాట కూడా కొట్టేసి, కొలను దగ్గరికి వెళ్ళిన రోజు తారీఖు వేసి సంతకం పెట్టాను. ఆ రికార్డుల మీద నేను కళ్ళారా చూసి పెట్టిన సంతకం అదొక్కటే.