పదిరోజులు గోడ చూసుకుంట

మేడ్చల్ బస్ డిపో వెనక సందుల నేను జాకెట్లు కుడ్త. మొన్న వానకాలంల ఒకనాడు పొద్దుగాల, పెండ్లి జాకెట్‌కు చేతులు అతుకుతుంటే కుడికంట్ల మసి రాలినట్టు నల్లచుక్కలు కదిలినయ్. నులుముకున్న, నీళ్లు కొట్టుకున్న, పోలేదు. తల తిప్పితే కంటి అంచుల మెరుపు మెరిసింది.

కండ్ల దవాఖానల డాక్టరమ్మ చూసి, కంటి లోపలి పొర చినిగిందన్నది. అప్పుడే లేజర్ పెట్టింది.

"పదిరోజులు బరువులు ఎత్తొద్దు, మిషన్ తొక్కొద్దు. కంటికి అడ్డంగ పరద పడ్డట్టయితే మాత్రం వెంటనే రావాలె. ఆలస్యమైతే చూపు మిగలదు."

ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చిన. ఇగ అదే పని. ఎడమకన్ను చేత్తోని మూసుడు, కుడికంటితోని ఎదురుగోడ చూసుడు. పరద లేదు. ఊపిరి పీల్చుకునుడు. రెండు నిమిషాలకు మళ్ల మూసుడు. అన్నం తినుకుంట చూసిన, బట్టలు మడత పెట్టుకుంట చూసిన. నిద్ర లేచినంక గూడ కండ్లు తెరవకుంట అట్లనే పండుకునేదాన్ని. చూపు పోతే సూదిల దారం ఎట్ల ఎక్కియ్యాలె? పదో తరగతి సదివే నా బిడ్డను ఎవరు చూడాలె?

శామీర్‌పేట చెరువు కాడ చేపలమ్మే మా అమ్మ, సంగతి తెలిసి మూడోనాడు వచ్చింది. రెండు దినాలు వండిపెట్టింది. ఐదోనాడు పొద్దుగాల నా పక్కన కూసున్నది.

"ఎప్పుడు చూసినా కన్ను మూసి చూస్తున్నవ్ బిడ్డా. ఆ గోడ తప్ప ఇంకేమన్న చూసినవా?"

"పోతదేమోనని భయమైతాంది అమ్మా."

"నాకు గూడ అయితాంది. కాని ఇయ్యాల్టికి కండ్లున్నయ్ కదా. ఏం జేసినవ్ వాటితోని?"

అప్పుడే నా బిడ్డ బడికి తయారై, రిబ్బన్ కట్టుమని నా ముంగట కూసున్నది. ఆమె మెడ మీద వేలెడంత గాయం, మాని నల్లగైంది.

"గిదెప్పటిది?"

"నెల దాటింది. కబడ్డీల గీరుకపోయింది. నీకు చెప్పిన గదమ్మా."

చెప్పే ఉంటది. నేను మిషన్ మీదికెల్లి తల లేపకుంట ఊ కొట్టి ఉంట. నా రెండు కండ్లు మంచిగున్న రోజులల్లనే అది నాకు కనవడలేదు. ఆ పొద్దు నాకైన భయం, డాక్టరమ్మ చెప్పినప్పుడు గూడ కాలేదు. ఇంకా ఏమేం చూడలేదో నాకే తెల్వదు.

పదోనాడు పరీక్ష చేసి, చినిగిన కాడ అతుక్కున్నదని చెప్పింది డాక్టరమ్మ. ఎడమకంట్ల గూడ ఒక కాడ పొర పల్చగున్నదట.

"అది గూడ చినుగుతదా డాక్టరమ్మా?"

"చెప్పలేం. ఆర్నెల్లకోసారి వచ్చి చూపిచ్చుకోవాలె."

ఆటోల ఇంటికొస్తుంటే అమ్మ నా చెయ్యి ఇడువలేదు.

మళ్ల మిషన్ ఎక్కిన. భయం పోలేదు. ఎండల కాసేపు కండ్లు చీకట్లయితే మళ్ల ఒక్కో కన్ను మూసి చూసుకుంట. కాని సాయంత్రం బిడ్డ వచ్చిందంటే ఎవరి జాకెట్ అయినా సరే పక్కన పెడ్త. ఆమె బడి ముచ్చట్లు చెప్తుంటే ముఖం చూసుకుంట వింట.

మొన్న నడుమనే ఆపి, "ఏందమ్మా, గట్ల చూస్తున్నవ్?" అన్నది.

"ఏం లేదు, చెప్పు. టీచర్ ఏమన్నది?" అన్న.