ధర్మసాగర్‌కు రాసిన ఉత్తరం

మా డిజైను సారు పోయారని మొన్న పొద్దున వాళ్ళ ఊరు ధర్మసాగర్ నుంచి కబురొచ్చింది. బస్టాండుకు పరుగెత్తాను. ఈ పరుగేదో పది రోజుల ముందు పెట్టి ఉంటే ఇవాళ మీకీ నాలుగు మాటలు రాయాల్సిన గతి పట్టేది కాదు.

మీలో చాలామంది ఇళ్ళలో మా వరంగల్ జంపఖానాలు పరిచే ఉంటారు. డెబ్బైలలో, ఆరేళ్ళ కిందటి దాకా, మా చేనేత సొసైటీలో వాటికి బొమ్మలు గీసింది ఆయనే. గీసిన గళ్ళ కాగితాన్ని ఎన్నడూ ఎవరి చేతా పంపేవారు కాదు. తానే మగ్గం దగ్గరికి వెళ్ళి, నేసే ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, "గిది నడుస్తదా? జర చూసి చెప్పుండ్రి" అనేవారు. వాళ్ళు కాదంటే అక్కడే రబ్బరు తీసి చెరిపేవారు. అంత పెద్దమనిషి అట్లా చెరుపుతుంటే నాకు నామోషీగా ఉండేది. "కాయితం మన మాట వాళ్ళకు చెప్తది గని, వాళ్ళ మాట మనకు చెప్పదు బిడ్డా" అనేవారు. నేను ఆయన అసిస్టెంటును, డిప్లొమా చదివినవాణ్ణి. వింటానా!

ఒకసారి సారు ఊళ్ళో లేనప్పుడు పెద్ద ఆర్డరు వచ్చింది. ఏనుగుల బొమ్మ గీసి, చిట్టీ జతచేసి మగ్గాలకు పంపించేశాను. నెల తర్వాత చూద్దును కదా, ఏనుగులకు ఒంటె కాళ్ళు!

"నూలు లావున్నది, బొమ్మ పొడుగ్గ సాగుతదని మాకెరికే సారూ. మీరు చిట్టీ పంపిన్రు గని మమ్మల్ని అడగలేదు గదా" అన్నాడు పెద్ద నేతగాడు.

సరుకంతా వెనక్కి వచ్చింది. కమిటీ ముందు నాకన్నా ముందే సారు లేచి, "తప్పు నాదే" అన్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఆయన్ని తీసేసి ఆ ఉద్యోగం నాకిచ్చారు. తీసుకున్నాను.

ఆరేళ్ళు ముఖం చాటేశాను. సారుకు జబ్బు ముదిరిందని తెలిశాక, గంట బస్సు దూరంలో ఉన్న మనిషికి నేనేం చేశానో తెలుసా? ఉత్తరం రాశాను. క్షమించమని నాలుగు పేజీలు. నా చేతులు విరిగిపోనూ!

"సదివి ఇనిపిచ్చిన బిడ్డా" అంది సారు భార్య, మొన్న సాయంత్రం అంత్యక్రియలయ్యాక వాళ్ళింట్లో. "అంత ఇని, 'రాసిండా? అయితే వస్తడు, వచ్చి మాట్లాడ్తడు' అన్నడు. మంచం పక్కన కుర్చీ ఏపిచ్చిండు. ఎవ్వల్ని కూసోనియ్యలే. దవాఖానకు పోదమంటే గూడ, వాడొచ్చి పోయినంక పోదమన్నడు."

ఆమె లోపలికి వెళ్ళాక ఆ కుర్చీలో కూర్చున్నాను. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"సారూ, తప్పు నాది" అన్నాను. పైకే అన్నాను.

"ఎవ్వలతోని మాట్లాడ్తున్నవు బిడ్డా?" అని లోపల్నుంచి అడిగిందామె.